కాలు తీయని మలుపులు: రీమ్స్ నుంచి స్పా దాకా పాత రేసు కార్ల దారిలో

సెప్టెంబర్ ఆఖర్లో, ఒక్కో ఏడు అక్టోబర్ మొదట్లో, బెల్జియంలోని స్పా-ఫ్రాంకోర్షాం ట్రాక్ మీద పాత కార్లకు ఆరు గంటల రేసు జరుగుతుంది. 1966కు ముందటి మోడళ్లకే ప్రవేశం. వంద దాకా కార్లు ఒక్కసారే బయల్దేరతాయి, రేసు ముగిసేసరికి చీకటి పడుతుంది. చాలామంది ఆ శనివారం ఒక్కటీ చూసి తిరిగొచ్చేస్తారు. దానికి ముందు మూడు రోజులు కలుపుకుని, అలాంటి కార్లు ఒకప్పుడు పరుగెత్తిన మామూలు రోడ్లను కూడా చూడటం మంచిది. అప్పుడు శనివారం స్టీరింగు వెనక మనిషి ఏం చేస్తున్నాడో బాగా తెలుస్తుంది.

బుధవారం: రీమ్స్ పక్కన గ్యూ

పారిస్ షార్ల్ ద గాల్ విమానాశ్రయం నుంచి రీమ్స్‌కు 130 కి.మీ. పైచిలుకు. రైలుంది కానీ అద్దె కారే మేలు, ఎందుకంటే గురువారం చూడాల్సిందే ఒక రోడ్డు. మన ఆర్టీఏ ఆఫీసులో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఏడాది చెల్లుతుంది, అసలు లైసెన్సు కూడా వెంట ఉంచుకోవాలి. షెంగెన్ వీసాకు ఏ దేశంలో ఎక్కువ రోజులుంటే ఆ దేశానికే దరఖాస్తు చేయాలి కనుక ఈ ప్రయాణానికి అది బెల్జియం. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు విమానాశ్రయంలో తీసి పారేస్తారు. కందిపొడితో సరిపెట్టుకోవాలి.

గ్యూ ఊరు రీమ్స్‌కు పడమరగా ఏడెనిమిది కిలోమీటర్లు. పంట చేల మధ్య మామూలు జిల్లా రోడ్డు మీద వెళ్తుంటే ఉన్నట్టుండి ఒక పక్క కాంక్రీటు పిట్ గదులు (రేసు మధ్యలో కార్లు ఆగే చోటు), ఎదురుగా ప్రేక్షకుల స్టాండ్లు కనిపిస్తాయి. గోడల నిండా పాత పెట్రోలు కంపెనీల, ప్లగ్గుల ప్రకటనలు. ఇక్కడ 1926 నుంచి రేసులు జరిగాయి. కార్ల రేసులు 1960లతోనే ఆగాయి. శిథిలమైపోతున్న కట్టడాలను స్థానిక స్వచ్ఛంద సంఘం ఒకటి మళ్లీ రంగులేసి నిలబెట్టింది. టికెట్ లేదు, గేటు లేదు. అయితే రోడ్డు మీద లారీలు జోరుగానే పోతాయి, కాబట్టి ఫోటోల కోసం నడిరోడ్డు మీద నిలబడకండి.

ట్రాక్ ఒక త్రికోణం. 1950ల మధ్యకల్లా దాని పొడవు 8.3 కి.మీ. అయింది. రెండు పొడవాటి తిన్నని దారులు, వాటిని కలిపే కొద్దిపాటి మలుపులు, చివర తియ్వా ఊరి దగ్గర ముడుచుకుపోయే కుడి మలుపు. కాగితం మీద చూస్తే ఇందులో ఏముందనిపిస్తుంది. ఉన్న సంగతి ఇది: తిన్నని దారిలో ముందు కారు గాలిని చీలుస్తుంది, వెనక కారుకు ఆ పని తప్పుతుంది. అందుకని ఇంజన్ బలం కాస్త తక్కువైనా వెనకవాడు అంటిపెట్టుకునే వస్తాడు. ఆఖరి ల్యాపులో (చుట్టులో) ముందుండటం కన్నా సరైన దూరంలో వెనకుండటమే లాభం. 1953 ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీలో మైక్ హాథార్న్ ఫాంజియోను ఒక్క సెకనులో ఓడించాడు. 1961లో జియాన్‌కార్లో బగెట్టి తన మొట్టమొదటి చాంపియన్‌షిప్ రేసులోనే డాన్ గర్నీని సెకనులో పదో వంతు తేడాతో దాటాడు. రెండూ ఇక్కడే.

స్పోర్ట్స్ కార్లకు మాత్రం గ్యూ ఇచ్చిన అసలు సంగతి బ్రేకులది. తియ్వా ముందు కారు మహా వేగంతో వచ్చి దాదాపు ఆగినంత పని చేయాలి. వేగం రెట్టింపైతే బ్రేకులు మింగాల్సిన వేడి నాలుగింతలవుతుంది. డ్రమ్ము బ్రేకు వేడెక్కితే డ్రమ్ము వ్యాకోచించి షూకు దూరంగా జరుగుతుంది. పెడల్ కిందికి దిగిపోతుంది, లైనింగు పట్టు తగ్గుతుంది. డిస్కు వేడెక్కితే అది ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది కాబట్టి పెడల్ దిగదు. పైగా బయటి గాలి నేరుగా తగులుతుంది. 1952 జూన్‌లో స్టిర్లింగ్ మాస్ డన్‌లప్ డిస్కులు బిగించిన జాగ్వార్ సి-టైప్‌తో ఇక్కడ స్పోర్ట్స్ కార్ల రేసు గెలిచాడు. డిస్కు బ్రేకుల తొలి పెద్ద గెలుపుగా దాన్నే చెబుతారు. ఈ రోజు మన ఇంటి ముందున్న కారు ముందు చక్రాల్లో ఉన్నది ఆ పరికరమే.

మరొక ముచ్చట. 1956లో ఇక్కడి 12 గంటల రేసులో డి-టైప్ జాగ్వార్లు మొదటి మూడు స్థానాలూ పట్టాయి. గెలిచిన డంకన్ హామిల్టన్ పిట్ నుంచి నెమ్మదించమని పలక చూపినా వినలేదని, గెలిచాక ఉద్యోగం ఊడింది.

కారులో మొత్తం త్రికోణం తిరగాలని ఆశపడితే నిరాశే. పెద్ద తిన్నని దారి ఇప్పుడు రద్దీ రహదారి, తియ్వా వైపు దుకాణాల సముదాయం వచ్చేసింది. పిట్‌ల దగ్గర ఒక గంట చాలు. రాత్రి బస రీమ్స్‌లో.

గురువారం: పాత స్పా రోడ్లు

రీమ్స్ నుంచి షార్ల్‌విల్-మెజియేర్, బూయోన్, బాస్టోన్ మీదుగా స్టావెలోకు మూడు గంటల ప్రయాణం. ఫ్రాన్సులో మోటార్‌వే వేగ పరిమితి 130, వానొస్తే 110. బెల్జియంలో 120, కార్లకు టోలు లేదు. బెల్జియం పల్లె రోడ్ల మీద మనవాళ్లు తప్పుచేసే చోటు ఒకటుంది: బోర్డు ఏదీ లేని కూడలిలో కుడి వైపు సందులోంచి వచ్చేవాడికే ముందు దారి. చిన్న సందే కదా అని పోనిస్తే గుద్దుతాడు, తప్పు మనదే అవుతుంది.

స్టావెలోలో పాత మఠం నేలమాళిగలో సర్క్యూట్ మ్యూజియం ఉంది. అక్కడ మ్యాపు చూసుకుని బయల్దేరితే దారి తేలిక. ఫ్రాంకోర్షాం, మాల్మెడి, స్టావెలో - ఈ మూడు ఊళ్లను కలిపే ప్రభుత్వ రోడ్లే 1920ల నుంచి రేసు ట్రాక్. మొదట్లో దాదాపు 15 కి.మీ., 1950 నాటికి 14.1. రేసులు గడియారం ముల్లు తిరిగే వైపుకే. మనమూ అలాగే తిరగాలి, లేకపోతే ఏ మలుపూ అర్థం కాదు.

ఇప్పటి ట్రాక్ లే కోంబ్ మలుపు దగ్గర కుడికి తిరిగిపోతుంది, పాత దారి ఎడమకు వంగి కొండ దిగుతుంది. ముందు బర్నెన్‌విల్: ఊరి పక్క నుంచి సాగే పొడవైన కుడి మలుపు, దిగుడు. మలుపు చివర ఎక్కడో లోపలికి వెళ్లేవాడికి కనబడదు. 60లో నడుపుతున్నా స్టీరింగు చాలాసేపు అలాగే పట్టి ఉంచాల్సి వస్తుంది. పాత కారులో ఈ పట్టి ఉంచడమే పని. అప్పటి క్రాస్‌ప్లై టైరు ఇప్పటి రేడియల్‌లా ఒక్కసారిగా పట్టు వదలదు. చక్రం చూసే దిక్కుకూ, కారు నిజంగా పోయే దిక్కుకూ మధ్య కొన్ని డిగ్రీల తేడా వచ్చాకే అది బాగా పట్టుకుంటుంది. అంటే నాలుగు చక్రాలూ కాస్త జారుతూ ఉండగా, ఆ జారుడు పెరగకుండా తగ్గకుండా యాక్సిలరేటర్‌తో నిలిపి ఉంచాలి. బర్నెన్‌విల్‌లో ఆ స్థితి చాలా సెకన్లు కొనసాగేది. మధ్యలో భయపడి కాలు ఎత్తితే బరువంతా ముందుకు పడి, వెనక చక్రాలు తేలికై, కారు గిరుక్కున తిరుగుతుంది. తప్పుకోవడానికి గడ్డి మైదానం లేదు. ఇళ్లు, చెట్లు, కంచెలు.

మాల్మెడి దాటాక మాస్టా. తిన్నని దారి, నడుమ రెండు ఇళ్ల మధ్య నుంచి ఎడమ-కుడి వంపు, మళ్లీ తిన్నని దారి. స్పా అంటే పాతవాళ్లకు ఇప్పుడు పేరుపడ్డ ఓ రూజ్ మలుపు కాదు, ఇదే. కారు పక్కన ఆపి (ఖాళీ జాగా చూసుకుని, ఇళ్లవాళ్ల గేట్లకు అడ్డం పెట్టకుండా) ఆ వంపు దగ్గర నిలబడితే లెక్క కంటి ముందే కడుతుంది. ఇక్కడ వేగం గంటకు 20 కి.మీ. తగ్గించుకున్నవాడు తర్వాతి తిన్నని దారంతా ఆ లోటుతోనే పోతాడు. మందగించిన కారుకు వేగం మళ్లీ ఎక్కడం పైవేగాల్లో చాలా నిదానం, ఎందుకంటే గాలి నిరోధం వేగానికి వర్గంలో పెరుగుతుంది. అందుకే కాలు తీయకపోవడానికి అంత విలువ. 1973లో 1000 కి.మీ. రేసులో ఆన్రీ పెస్కరోలో మాత్రా కారులో ఈ 14.1 కిలోమీటర్లను 3 నిమిషాల 13.4 సెకన్లలో తిరిగాడు. సగటు గంటకు 262 కి.మీ.

ఆ అందానికి చెల్లించిన ధర కూడా ఇక్కడే కనిపిస్తుంది. 1960 బెల్జియం గ్రాండ్ ప్రీలో ఒకే మధ్యాహ్నం క్రిస్ బ్రిస్టో, అలన్ స్టేసీ చనిపోయారు. 1966లో మొదటి ల్యాపులోనే ట్రాక్ అవతలి పక్క వాన కురుస్తోందని ఎవరికీ తెలియక కార్లు వరుసగా జారిపోయాయి. జాకీ స్టువర్ట్ మాస్టా దగ్గర నుజ్జయిన కారులో, పెట్రోలు ఒంటి మీద కారుతుండగా ఇరుక్కుపోయాడు. గ్రహం హిల్, బాబ్ బాండురాంట్ ఆగి, ఒక ప్రేక్షకుడి దగ్గర స్పానర్ అడిగి తెచ్చి, స్టీరింగు విప్పి బయటికి తీశారు. అక్కడి నుంచి స్టువర్ట్ భద్రత కోసం గొంతెత్తాడు. ఆ రోజుల్ని ఊరికే పొగడటం మాకు నచ్చదు. ఈ రోడ్డు మీద రేసు ఆపడం సరైన పనే, 1979 నుంచి 7 కి.మీ. ట్రాక్ రావడం కూడా సరైనదే. ఆ కొత్త ట్రాక్‌లో సైతం కొంత భాగం 2000 దాకా ప్రభుత్వ రోడ్డుగానే ఉండేది.

మాస్టా తర్వాత స్టావెలో కుడి మలుపు, అక్కడి నుంచి చెట్ల మధ్య ఎక్కుడు. దారి బ్లాంషిమాన్ మలుపు వైపు ఇప్పటి ట్రాక్ కంచెను చేరుకుంటుంది. ఊళ్ల వేగ పరిమితులు పాటిస్తూ మొత్తం చుట్టు ఇరవై నిమిషాలు. రెండోసారి తిరిగితే మొదటిసారి కనబడని ఎత్తుపల్లాలు తెలుస్తాయి.

శుక్రవారం: ప్యాడాక్, ప్రాక్టీసు

ఈ రేసుకు మామూలు టికెట్టుతోనే ప్యాడాక్‌లోకి, అంటే జట్లు కార్లు నిలిపి సిద్ధం చేసుకునే ఆవరణలోకి, వెళ్లొచ్చు. ఫార్ములా వన్ వారాంతంలో కలలో కూడా దొరకని భాగ్యం. రేపు జనం పెరుగుతారు, కాబట్టి దగ్గరగా చూడాల్సినదంతా ఈ రోజే చూడాలి. చెవుల్లో పెట్టుకునే ఫోమ్ ప్లగ్గులు మరవద్దు. మూతలేని ఎగ్జాస్టుతో వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) పక్కనే స్టార్టయితే ఛాతీ కూడా అదురుతుంది.

గెలుపు గుర్రాలు ఫోర్డ్ జీటీ40లు. ఎత్తు మీటరు పైన ఒకట్రెండు సెంటీమీటర్లు, వెనక 4.7 లీటర్ల వీ8, నాలుగు వెబర్ 48 ఐడీఏ కార్బురేటర్లు, జడ్‌ఎఫ్ అయిదు గేర్ల డబ్బా. వాటి చుట్టూ ఇ-టైప్ జాగ్వార్లు, కోబ్రాలు, టీవీఆర్ గ్రిఫిత్‌లు, పోర్షె 911లు, ఎంజీబీలు, 1558 సీసీ ట్విన్‌క్యామ్ ఇంజనుతో లోటస్ ఎలాన్‌లు. ప్రతిదానికీ అంతర్జాతీయ మోటారు రేసుల సంస్థ ఎఫ్‌ఐఏ జారీచేసే సాంకేతిక పాస్‌పోర్టు ఉండాలి. అది కారు అప్పటి లెక్కలకు తగ్గట్టు ఉందని చెప్పే పత్రం, ఆ కారు అప్పటిదేనని చెప్పే పత్రం కాదు. రేసు బయల్దేరే వరుసలోని జీటీ40ల్లో నిన్నమొన్న కట్టినవి బోలెడు. అందులో తప్పేమీ లేదని మా అభిప్రాయం. 1965 నాటి అసలు బాడీని గోడకు కొట్టే ధైర్యం ఎవరికుంటుంది?

ఉదయం చలిలో మెకానిక్‌ల పని చూడండి. చల్లని ఇంజనుకు మెత్తటి, అంటే త్వరగా వేడెక్కే, ప్లగ్గులు వేసి వేడెక్కిస్తారు. రేసు ప్లగ్గు తక్కువ ఆర్‌పీఎంలో మసిబారి కాల్చడం మానేస్తుంది. ఆయిల్ వేడెక్కే దాకా రేజ్ చేయరు, చిక్కటి ఆయిల్ ఒత్తిడికి ఫిల్టరు సీలో, పంపు డ్రైవో పోతుంది. వేడెక్కాక గట్టి ప్లగ్గులు, అంటే ఆ రేసు ప్లగ్గులు, వేసి లైనుకు పంపుతారు.

చక్రాల దగ్గర కూడా కాసేపు నిలబడండి. చాలా కార్లకు బోల్టులు లేవు, మధ్యలో ఒకే రెక్కల నట్టు. దాన్ని రాగి సుత్తితో కొట్టి బిగిస్తారు. ఇనప సుత్తి అయితే రెక్క విరుగుతుంది. తీగ చక్రాల జాగ్వార్లలో కారు ఎడమ పక్క నట్టుకు మామూలు మర, కుడి పక్క నట్టుకు తిరగబడిన మర. విప్పాలంటే రెండు పక్కలా సుత్తి దెబ్బ చక్రం ముందుకు దొర్లే వైపుకే పడాలి. చూడగానే ఇది తప్పనిపిస్తుంది, కారు పోతుంటే నట్టు విడిపోదా అని. కానీ హబ్బు మీద నట్టు కూర్చునే చోటు ఏటవాలుగా ఉంటుంది. బరువు కింద చక్రం అందులో కొద్దికొద్దిగా జరుగుతూ నట్టును వెనక్కి, అంటే బిగుసుకునే వైపుకు దొర్లిస్తుంది. మరలు తారుమారుగా బిగిస్తే అదే బలం నట్టును విప్పేస్తుంది. హబ్బు, చక్రం లోపలి పళ్లు అరిగిపోయినా ఇదే ప్రమాదం. అందుకే కొత్త చక్రం వేశాక కొన్ని ల్యాపులకు మళ్లీ సుత్తి పట్టుకొస్తారు.

మధ్యాహ్నం ప్రాక్టీసుకు రెడియాన్ అనే ఎక్కుడు పక్కన గడ్డి గట్టు మీదికి ఎక్కండి. లా సూర్స్ మలుపు నుంచి దిగుడు, అట్టడుగున ఓ రూజ్ వాగు మీద ఎడమ, వెంటనే కుడికి నిట్టనిలువు ఎక్కుడు, పైన శిఖరం అవతల ఏముందో కనబడని ఎడమ. ఈ వాగు 1920కి ముందు జర్మనీ-బెల్జియం సరిహద్దు. రోడ్డు వాగు దాటి ఎడమకు పాత కస్టమ్స్ చౌకీ వైపు పోయేది. ఇప్పటి ఎక్కుడును 1939లో కట్టారు. నేటి రేసు కారును గాలి రెక్కలు నేలకు నొక్కిపెడతాయి. 1965 కారుకు ఆ నొక్కు లేదు, జోరుగా పోయే కొద్దీ తేలికవుతుంది కూడా. 1964లో జీటీ40ని మొదటిసారి లె మాన్‌కు పరీక్షకు తీసుకెళ్లినప్పుడు కారు నిలకడ తప్పి అల్లాడిపోయింది, వెనక చిన్న పట్టీ స్పాయిలర్ బిగించాకే దారికొచ్చింది. ఈ ఎక్కుడు అడుగున కార్ల స్ప్రింగులు పూర్తిగా కుదించుకుంటాయి, శిఖరం మీద పూర్తిగా విప్పారతాయి. మంచి డ్రైవరు వంపుకు ముందే కొంచెం వేగం తగ్గించుకుని, ఎక్కుడంతా యాక్సిలరేటర్‌ను ఒకే తీరున పట్టి ఉంచుతాడు. శిఖరం మీద కాలు ఎత్తినవాడి కారు తోక పక్కకు రావడం గట్టు మీద నుంచే కనిపిస్తుంది.

ఆ కాలు విలువ ఎంత? శిఖరం దాటాక కెమెల్ తిన్నని దారి సుమారు 750 మీటర్లనుకోండి. సగటున 190లో పోయినవాడికి 14.2 సెకన్లు, 200లో పోయినవాడికి 13.5. ల్యాపుకు 0.7. వంద ల్యాపులకు 70 సెకన్లు. ఆరు గంటల రేసులో ఇది చిన్నదేమీ కాదు.

హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఇ చూసినవాళ్లకు తేడా ఇట్టే తెలుస్తుంది. అక్కడ కాంక్రీటు గోడల మధ్య బ్రేకు, మలుపు, మళ్లీ బ్రేకు. ఈ పాత ట్రాక్‌ల అన్న వరస మన వైపు ఏదైనా ఉందంటే అది చెన్నై నుంచి నెల్లూరు వచ్చే దారిలోని షోలవరం. యుద్ధ కాలపు విమానాల రన్‌వే మీద దశాబ్దాల పాటు రేసులు జరిగిన చోటు.

శనివారం: ఆరు గంటలు

పొద్దున చిన్న రేసులు. టైమ్‌టేబుల్ ఏటా మారుతుంది కనుక ముందు రోజే చూసుకోవాలి. ప్రధాన రేసు సాయంత్రం మొదలవుతుంది. ఒకచోటే కూర్చోకుండా నడిచేవాళ్లకే ఈ ట్రాక్ లొంగుతుంది. ఎగువకూ దిగువకూ వంద మీటర్ల తేడా, కాబట్టి పట్టున్న బూట్లు, వాన కోటు. గొడుగు వెనకవాళ్ల చూపుకు అడ్డం.

మొదటి గంట లా సూర్స్‌లో. కార్లన్నీ ఆ ముడుచుకున్న మలుపులోకి ఒకేసారి దూరేటప్పుడు డొక్కలు రాసుకుంటాయి. రెండో గంటకు పూఆన్‌కు. దిగుతూ ఎడమకు సాగే రెండు మలుపుల జంట, చూడ్డానికి మంచి గడ్డి గట్లు. ఇంజన్లు ఎక్కువగా దెబ్బతినే చోట్లలో ఇదొకటి. ఎడమకు అంతసేపు తిరిగితే సంప్‌లోని (ఇంజను కింది ఆయిల్ తొట్టిలోని) ఆయిల్ అంతా కుడి గోడకు ఎగబాకుతుంది, పంపు గొట్టం గాలి పీలుస్తుంది. రెండు మూడు సెకన్లు ఒత్తిడి పడిపోతే బేరింగు గీసుకుపోతుంది. అది అప్పుడే తెలియదు, మూడు గంటలయ్యాక పిస్టన్ రాడ్డు ఇంజను చీల్చుకుని బయటికొస్తుంది. అందుకే సంప్‌లో అడ్డు పలకలు, ఒకవైపే తెరుచుకునే తలుపులు పెడతారు. పొడి సంప్ (ఆయిల్ వేరే ట్యాంకులో ఉండే ఏర్పాటు) ఉన్న కార్లకు ఈ బాధ తక్కువ.

వాన పడితే సరదా తిరగబడుతుంది. టైర్లకు గాడులున్నాయి కాబట్టి ఎండకూ వానకూ అవే, మార్చడానికి పిట్‌కు రారు. జీటీ40 బలం వృథా అవుతుంది, 600 కిలోల లోపు ఎలాన్ దాని తోక పట్టుకుంటుంది. రబ్బరు పేరుకున్న మామూలు గీత వానలో నున్నబడుతుంది కనుక తెలిసినవాళ్లు మలుపు బయటి అంచు నుంచి పోతారు. ఎవరు ఆ గీత మొదట పట్టారో చూడటం, టైమింగు తెర చూడటం కన్నా బాగుంటుంది. ఫోటో తీసేవాళ్లు షట్టర్ 1/60కి దించి కారుతో పాటు కెమెరా తిప్పితే చక్రాలు తిరుగుతున్నట్టు వస్తాయి.

బ్రేకు సంగతి బస్ స్టాప్ అనే మలుపు దగ్గర. డాట్ 4 బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చాక ఆ హద్దు 155కు దిగుతుంది. మరిగితే ఆవిరి బుడగలు, పెడల్ నేలకంటుతుంది. మలుపుకు చాలా ముందే ఎర్ర లైట్లు రెండు మూడు సార్లు టకటకమంటే ఆ డ్రైవరు పెడల్‌ను పంపు చేస్తున్నాడని అర్థం.

చీకటి పడ్డాక కరెంటు పనులు మొదలవుతాయి. ఆరు గంటల అదురుకు దీపాల కనెక్షన్లు వదులవుతాయి, ఛార్జింగు ఆగిన కారు దీపాలు ఎర్రబారుతాయి. వేడి ఇంజనుతో పిట్‌లో ఆగిన కారు తిరిగి స్టార్టవకపోవడం మరో తంతు: ఆగిన కాసేపటికి కింది వేడంతా కార్బురేటర్లకు ఎక్కి పెట్రోలు ఆవిరైపోతుంది. అలాంటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కిపట్టి స్టార్టర్ తిప్పాలి. కంగారులో పదేపదే పంపు చేసినవాడు ప్లగ్గులు తడిపేసుకుంటాడు.

ముగింపు జెండా పడగానే పార్కింగుకు పరుగెత్తకండి. గంటసేపు కారు కదలదు, ఆ గంట ప్యాడాక్‌లో గడపడం మేలు.

ఆదివారం: మిగిలిన రేసులు, తిరుగు దారి

ఉదయం బ్లాంషిమాన్ దాకా నడిచి రండి. అతి వేగపు ఎడమ మలుపు ఇది. 2022 మార్పుల్లో ట్రాక్ మీద కొన్ని మలుపుల పక్కన మళ్లీ కంకర పరిచారు. కాస్త వెడల్పుగా పోతే ఇంతకుముందు తారు మీద తిరిగొచ్చేవాళ్లు, ఇప్పుడు కంకరలో కూరుకుపోతారు. ఆ రాళ్లు బ్రేకులో, కార్బురేటర్ లింకేజీలో ఇరుక్కుని, బయటికి లాగాక కూడా ఇబ్బంది పెడతాయి.

ప్యాడాక్‌లో నిన్నటి శవపరీక్షలు జరుగుతుంటాయి. విప్పిన ప్లగ్గు లేత గోధుమ రంగుంటే మిశ్రమం సరిపోయినట్టు, తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువై వేడెక్కినట్టు, నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు. నెమ్మదిగా తిరిగొచ్చాక తీసిన ప్లగ్గు మాత్రం ఏమీ చెప్పదు. పూర్తి వేగంలో ఇగ్నిషన్ కట్ చేసి, న్యూట్రల్‌లో దొర్లుతూ వచ్చి ఆగితేనే ఆ రంగు నమ్మదగ్గది. అడిగితే చూపిస్తారు, చేత్తో మాత్రం ముట్టుకోకండి.

బ్రస్సెల్స్ విమానాశ్రయం లియేజ్ మీదుగా 140 కిలోమీటర్ల పైనే. రాత్రి విమానమైతే మధ్యాహ్నం రెండింటికల్లా గేటు దాటాలి. రేసు రోజుల్లో ఫ్రాంకోర్షాం ఊళ్లోంచి మోటార్‌వే ఎక్కే దారి కిక్కిరిసిపోతుంది. స్టావెలో వైపు దిగి చుట్టు తిరిగితే దూరం ఎక్కువైనా త్వరగా బయటపడతారు.